పదకొండో వచనం, ఐదో వచనం: ఒక కౌలు రైతు ఇంట్లో వాక్యం చేసిన పని

పల్లె క్రైస్తవ సంఘాల్లో పనిచేసే తోటి సేవకుల (పాస్టర్ల) కోసం ఈ కేసు రాస్తున్నాను. కుటుంబం అనుమతి ఇచ్చింది. రాసినదంతా ఆ ఇంటి అక్కతో చదివించాను, రెండు చోట్ల ఆమె దిద్దింది కూడా. పేర్లు, ఊరు రాయను. ఆయన్ని అన్న అని, ఆమెను అక్క అని రాస్తాను. ఎదురుగా కూడా అలాగే పిలుస్తాను.

మాది పల్నాడు ప్రాంతం. ఇది జరిగేనాటికి ఇంకా గుంటూరు జిల్లాయే, 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది. సంఘంలో సొంత పొలం ఉన్నవాళ్ళు తక్కువ, ఎక్కువమంది కౌలుకు మిర్చి, పత్తి వేస్తారు. మాది బాప్టిస్టు సంఘం.

పరిస్థితి

అన్నకు అప్పుడు 46 ఏళ్ళు, అక్కకు 41. కూతురు డిగ్రీ, కొడుకు ఇంటర్. తాతల నాటి నుంచి విశ్వాసులు. అన్నకు చదువు రాదు, అక్క ఏడో తరగతి చదివింది. ఇంట్లో బైబిలు చదివేది ఆమే, వినేది ఆయన.

2021లో మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశారు. ఆ ఏడు మా వైపు, ఖమ్మం వైపు మిర్చి ఏమైందో రైతులకు చెప్పనక్కర్లేదు. నల్ల తామర పురుగు పూతలోకి దిగింది. పువ్వు విప్పి అరచేతిలో దులిపితే నల్లగా, నలుసుల్లా కదిలేవి. పూత పూతగానే రాలిపోయింది. పైపెచ్చు కౌలు కాగితం మీద యజమాని సంతకం పెట్టలేదు కాబట్టి ప్రభుత్వం ఇచ్చే నష్టపరిహారం కూడా అన్న పేరున రాదు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన. ఏటా చేసినట్టే వాగ్దాన కార్డులు (ఒక్కోదాని మీద ఒక బైబిలు వచనం ఉంటుంది) పళ్ళెంలో పెట్టి బల్ల మీద ఉంచాను. ఒక్కొక్కరు వచ్చి కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటారు. అన్న తీసిన కార్డు యిర్మీయా 29:11. "నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." అక్క చదివి వినిపించింది. పూత రాలుతున్న చేను ఇంటివెనకే ఉంది. పంట నిలబడుతుందని ప్రభువు మాట ఇచ్చాడని అన్న అనుకున్నాడు. మరోలా ఎలా అనుకుంటాడు? పళ్ళెం పట్టుకుని నిలబడ్డ నేను కూడా "ఆమేన్, మంచి వాగ్దానం వచ్చిందన్నా" అన్నాను.

కోత కూలీ కోసం అప్పు తెచ్చి ఇంట్లో ఉంచిన 40 వేలు ఆ వారంలోనే మందులకు పోయాయి. నాలుగుసార్లు కొట్టాడు. పురుగు పోలేదు. సంక్రాంతి దాటాక ముందు నిలిచిన కాయ కోయడానికి ముఠా వచ్చింది. 22 మంది ఆడవాళ్ళు, 6 రోజులు, రోజుకు 300. అందరూ కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి పిల్లాజెల్లాతో వచ్చి చేల పక్కన గుడారాలు వేసుకునేవాళ్ళు. మొత్తం 39,600. యార్డులో అమ్మాక ఇస్తానని మేస్త్రికి చెప్పాడు. కల్లంలో ఎండినది తాలు కాయతో కలిపి 8 క్వింటాళ్ళు. అమ్మిన డబ్బంతా పాత అడ్వాన్సు కింద కమీషన్ వ్యాపారి జమ కట్టుకున్నాడు. ముఠా ఇంకో ఊరికి వెళ్ళిపోయింది. ఈ కూలీ సంగతి నాకు మార్చి దాకా తెలియదు.

మొదట నేను చేసింది

ఫిబ్రవరి రెండో వారంలో వాళ్ళింటికి వెళ్ళాను. అన్న మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. రోమా 8:28 చెప్పాను. "దేవుని ప్రేమించువారికి... మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి." గట్టిగా ప్రార్థన చేశాను, టీ తాగాను, ఇరవై నిమిషాల్లో లేచి వచ్చాను. ఆయన నావైపు తిరగలేదు. వాక్యం చెప్పాను కదా, పని అయిందనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత రాత్రి తొమ్మిదింటికి అక్క మా ఇంటికి వచ్చింది. నాతో కాదు, మా ఇంటావిడతో మాట్లాడింది. ఆయన పడుకోవడం లేదని, అర్ధరాత్రి లేచి పొలం గట్టు మీద కూర్చుంటున్నాడని చెప్పింది. మా ఆవిడ నాతో ఒకే మాట అంది: "మీరు వెళ్ళినప్పుడు ఆయన అన్నం తిన్నాడో లేదో అడిగారా?" అడగలేదు.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. బదరీవృక్షం కింద ఏలీయా ప్రవక్త "నా ప్రాణము తీసికొనుము" అని పడుకుంటే దూత వచ్చి వాక్యం చెప్పడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టి, లేచి తినమంటాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిస్తాడు. రెండోసారి కూడా తిండే. "ఏలీయా, యిచ్చట నీవేమి చేయుచున్నావు" అన్న ప్రశ్న ఆ తర్వాతే, నలభై పగళ్ళు నలభై రాత్రులు నడిచి హోరేబు చేరాకే వస్తుంది. నేను ప్రసంగం చేసిన అధ్యాయాన్ని నేనే తలకిందులుగా చేశాను.

మర్నాడు మా ఆవిడ అన్నం, పప్పుచారు పట్టుకుని నాతో వచ్చింది. అన్న తిన్నాక ఇద్దరం బయట వేపచెట్టు కింద కూర్చున్నాం. నేరుగా అడిగాను: "అన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?" చాలాసేపటికి తల ఊపాడు. ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనలో చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగాక ఆయన భుజాలు కిందికి దిగాయి, నా కళ్ళతో చూశాను. మంచం కింద మిగిలిపోయిన పురుగుమందు డబ్బాలన్నీ ఆ సాయంత్రమే అక్కడి నుంచి తీయించి వేరే ఇంట్లో తాళం వేయించాం. వారంలోపే ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించాం. నిద్రకు మందులు ఇచ్చారు. మందులు మింగడం అవిశ్వాసమని సంఘంలో ఒకాయన అంటే, దూత పెట్టిన రొట్టె సంగతే ఆయనకు చెప్పాను. ఆనాడు లేదు గానీ ఇప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు మా ప్రార్థన మందిరం గోడ మీద రాయించాను.

చీకటి కీర్తన

మందులు మొదలై నిద్ర పడుతున్న రోజుల్లో కీర్తనలు చదవడం మొదలుపెట్టాం. 23వ కీర్తనతో కాదు, 13తో. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" ఆ తర్వాత 88.

88వ కీర్తన మన ఆరాధనల్లో వినిపించదు. మొర కీర్తనలు చాలావరకు చివర్లో స్తుతికి తిరుగుతాయి, ఇది తిరగదు. ఆఖరి మాట చీకటి. అక్క కూడదీసుకుని చదువుతోంది, అన్న నేల మీద కూర్చుని పుల్లతో మట్టి గీకుతున్నాడు. ఆఖరి వచనం వచ్చింది: "చీకటియే నాకు బంధువర్గమాయెను." పుల్ల ఆగింది.

"ఆ బంధువుల మాట మళ్ళీ చదువు" అన్నాడు.

అక్క మళ్ళీ చదివింది. అప్పటికి రెండు నెలలుగా వాళ్ళ గుమ్మం తొక్కిన చుట్టం లేడు. అప్పు అడుగుతాడేమోనని అన్నదమ్ములే సందు మార్చి నడుస్తున్నారు. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. వేల ఏళ్ళ కింద ఎవరో తన తరఫున దేవుడి ముందే అనేశారు, దేవుడు ఆ మాట కొట్టేయకుండా తన పుస్తకంలో ఉంచుకున్నాడు. ఆదరణ అంటే ఏమిటో నేను ఆ రోజు కొత్తగా చూశాను. ఆ కీర్తన ఆయనకు ఏ ఆశా చూపలేదు. పక్కన మనిషి కూర్చున్నట్టు కూర్చుంది.

"యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అని మన ఇళ్ళలో చావు దగ్గర, నష్టం దగ్గర వెంటనే అనేస్తాం. ఆ మాట అన్నది అన్నీ పోగొట్టుకున్న యోబే, చూడడానికి వచ్చిన స్నేహితులు కాదు. వాళ్ళు నోరు తెరవకుండా నేల మీద కూర్చున్న ఏడు రోజులే మంచి రోజులు. నోరు తెరిచాకే పాడుచేశారు. ఈ తేడా నేను యువ సేవకులకు పదేపదే చెబుతాను.

మలాకీ మూడో అధ్యాయం

మార్చి మొదట్లో ఇంకొకరింట్లో కుటుంబ ప్రార్థనకు అక్క వెళ్ళింది. ప్రార్థన అయ్యాక సంఘంలో పెద్దావిడ ఒకరు అందరి ముందే అంది: "దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక) సరిగ్గా ఇచ్చినవాళ్ళ చేలకు పురుగు రాదమ్మా, మలాకీలో రాసుంది." నిజంగానే రాసుంది. "మీ పంటను తినివేయు పురుగులను నేను గద్దించెదను" అని మలాకీ 3:11. పురుగు తిన్న ఏడాదిలో పురుగు తిన్న ఇంటి మనిషికి ఆ వచనం ఎలా తగులుతుందో రాయడానికి నాకు మాటలు లేవు. మూడు ఆదివారాలు అక్క ఆరాధనకు రాలేదు.

వెళ్ళి కూర్చుని వివరంగా చెప్పాను. అది బబులోను చెర (బందీ బతుకు) నుంచి తిరిగొచ్చి మందిరం మళ్ళీ కట్టుకున్న యూదా జనమంతటితో ప్రవక్త ద్వారా అన్న మాట. మందిర సేవ చేసే లేవీయులకు రావలసింది రాక వాళ్ళు పొలాలకు పారిపోయారని నెహెమ్యా 13లో ఉంది, అలాంటి రోజులవి. "నా మందిరములో ఆహారముండునట్లు" అంటున్నాడు. మూడో ఏటి పదియవ భాగం లేవీయుడితో పాటు పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు తినడానికని ద్వితీయోపదేశకాండం 14 చెబుతుంది. ఒక కౌలు రైతు చేనికి పురుగు పట్టడానికి లెక్క కట్టే సూత్రం కాదది. పక్క చేలో కానుక ఎన్నడూ ఎరగని ఆసామి పంటా పోయింది, పెద్దావిడ సొంత అల్లుడి పంటా పోయింది. "ఈ వచనం మీ మీద వేసింది కాదక్కా. ఒక్క వచనం పట్టుకోకండి, అధ్యాయం మొదటినుంచి చదవండి" అని చెప్పి వచ్చాను. ఓదార్చానన్న తృప్తితో ఇంటికి వచ్చాను.

మూడో రోజు పిలిపించింది. బైబిలు తెరిచే ఉంది. అధ్యాయం మొదటినుంచి చదివితే పదకొండో వచనం కంటే ముందు ఐదో వచనం వస్తుంది. కూలి విషయంలో కూలివారిని బాధపెట్టేవాళ్ళ మీద, పరదేశులకు అన్యాయం చేసేవాళ్ళ మీద నేనే సాక్ష్యం పలుకుతానని దేవుడు అంటాడు. మాంత్రికులు, వ్యభిచారులు ఉన్న వరుసలోనే కూలి ఎగ్గొట్టినవాణ్ణీ నిలబెట్టాడు. అప్పుడు ముఠా సంగతి మొత్తం చెప్పింది. కార్డు, మందులు, 40 వేలు, 22 మంది.

ఇక్కడ నేను రెండో తప్పు చేశాను. వాళ్ళ మీద జాలితో అన్నాను: "మీరే చితికిపోయి ఉన్నారక్కా, దేవుడికి తెలుసు. ఆ వచనం దౌర్జన్యం చేసే ధనవంతుల గురించి. మీ గురించి కాదు."

ఆమె నా మొహంలోకి చూసి అన్న మాట ఇది: "పదకొండోది మాది కాదన్నారు, సరే. ఐదోది కూడా మాది కాదంటే ఇక ఈ పుస్తకంలో మాదేది అయ్యగారూ?"

జవాబు లేదు. ఇంటికొచ్చి రెండు రోజులు దీని మీదే కూర్చున్నాను. ఒకే అధ్యాయంలో ఒక వచనం వాళ్ళది కాదని, ఇంకొకటి వాళ్ళదని ఎలా చెప్పగలను? నాకు దొరికింది ఇది. పురుగు రాదన్న మాట మీద ఆశ పెట్టుకున్న నీతిమంతుడికి బైబిలే అడ్డం చెబుతుంది. యోబు మందలు పోయాయి, చేను పంటకు రాకపోయినా అంటాడు హబక్కూకు. కూలి మాటకు మాత్రం ఎక్కడా సడలింపు లేదు. లేవీయకాండం 19:13లో కూలి రాత్రంతా నీ దగ్గర ఉండకూడదు. ద్వితీయోపదేశకాండం 24లో పొద్దు గుంకకముందే ఇవ్వాలి, బీదవాడు దానిమీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. యిర్మీయా 22లో జీతమియ్యక పని చేయించుకున్నవాడికి శ్రమ. యాకోబు 5:4లో బిగపట్టిన కూలి తానే మొర పెడుతుంది. ధర్మశాస్త్రం నుంచి అపొస్తలుల పత్రికల దాకా ఆ గొంతు మారలేదు. నష్టపోయినవాడికి మినహాయింపు ఎక్కడా రాసిలేదు. పైగా చేల పక్కన గుడారాల్లో ఉన్న ఆ కర్నూలు ఆడవాళ్ళు ఐదో వచనంలోని కూలివాళ్ళూ, పరదేశులూ రెండూను.

మా బాప్టిస్టు సంఘాల కథ కూడా గుర్తొచ్చింది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి దొరకాలని. కరువు సాయం జరుగుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలైలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందింది ఆ తర్వాతే. మా తాతముత్తాతలకు సువార్త చేరిన దారిలో కూలి డబ్బులు ఉన్నాయి.

వెళ్ళి అక్కతో చెప్పాను: "నేను తప్పు చెప్పాను. ఐదో వచనం మీదే." ఆమె ఏడ్చింది. కానీ ఫిబ్రవరిలో ఏడ్చిన ఏడుపు కాదది. నాకు ఆశ్చర్యం వేసింది అన్నను చూసి. నేను భయపడింది ఆయన గురించే, ఈ భారం కూడా పడితే ఏమవుతాడోనని. మొదట డాక్టరుగారిని అడిగాను కూడా, తొందరపెట్టకుండా మాట్లాడమన్నారు. అన్న లేచి చొక్కా వేసుకుని "మేస్త్రి నంబరు నా దగ్గరుంది" అన్నాడు. పంట, పురుగు, అప్పు, వడ్డీ ఏదీ ఆయన చేతిలో లేదు. ఆ ఇంట్లోకి రెండు నెలల తర్వాత వచ్చిన మొదటి పని, తను చేయగలిగిన పని ఇదొక్కటే. గద్దించే మాటే ఆయన్ని మళ్ళీ మనిషిగా పిలిచిందని నా అభిప్రాయం. అయితే ఇదే మాట ఫిబ్రవరిలో, అన్నం కంటే ముందు చెప్పి ఉంటే ఆయన్ని చంపేసేది. తోటి సేవకులు ఈ రెండు వాక్యాలనూ విడదీయకుండా చదవాలని నా మనవి.

తీర్చిన వైనం

మార్చి నెలాఖరులో గేదె పడ్డను అమ్మారు, 24 వేలు వచ్చాయి. అప్పులవాళ్ళకు తెలిస్తే గొడవవుతుందని నేను అన్నాను. కూలి తర్వాతే అప్పు అని అక్క అంది. ఇద్దరూ పక్క ఊరి కోతలకు వెళ్ళి ఏప్రిల్‌లో 6 వేలు, జూన్‌లో 6 వేలు పంపారు. మేస్త్రి ఒక్కొక్కరి పేరు చెబుతూ వేలిముద్రలు వేయించిన కాగితం ఫోటో తీసి పంపాడు. మొదటి డబ్బు అందిన రోజు ఫోనులో "పోయాయనే అనుకున్నాం లేన్నా" అన్నాడట.

మే నెలలో హబక్కూకు చదివాం. మూడో అధ్యాయం 17, 18 నేను కావాలనే అప్పటిదాకా దాచి ఉంచాను. "చేనిలోని పైరు పంటకు రాకపోయినను గొఱ్ఱెలు దొడ్డిలో లేకపోయినను సాలలో పశువులు లేకపోయినను నేను యెహోవాయందు ఆనందించెదను." అన్న ఖాళీ గాటి వైపు చూసి అన్నాడు: "ఆనందించెదను దాకా నేను ఇంకా రాలేదు అయ్యగారూ. పశువులు లేకపోయినను దగ్గరే ఉన్నా." ఆ పుస్తకం మొదలయ్యేది కూడా "ఎన్నాళ్లు" అనే మొరతోనే. హబక్కూకు పద్దెనిమిదో వచనానికి రావడానికి మూడు అధ్యాయాలు పట్టింది. అన్నను నేను తొందరపెట్టలేదు, ఈరోజుకీ పెట్టడం లేదు.

యిర్మీయా 29 కూడా మొత్తం చదివాం, నేను చేతులారా ఇచ్చిన కార్డు కాబట్టి. అది బబులోను చెరలో ఉన్నవాళ్ళకు రాసిన ఉత్తరం. పదకొండో వచనానికి ముందున్న పదో వచనంలో డెబ్బై ఏళ్ళని ఉంది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఇప్పట్లో రారు అని. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా సర్దుకుంటుందని చెప్పి యిర్మీయా మెడ మీది కొయ్య కాడిని విరిచేస్తాడు. కొయ్య కాడికి బదులు ఇనుప కాడి వస్తుందని దేవుడు అంటాడు. కాడి అంటే అన్నకు వివరించనక్కర్లేదు. "డెబ్బై ఏళ్ళని కార్డు మీద ఉంటే నేను మందు కొట్టేవాణ్ణి కాదు" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అన్నాడు. ఆ రాత్రి పళ్ళెం పట్టుకుని "మంచి వాగ్దానం" అన్న నేను హనన్యా పక్కన నిలబడ్డాను.

2022 డిసెంబరు 31 రాత్రి కార్డులు పెట్టలేదు. కొందరు పెద్దలు నొచ్చుకున్నారు, ఏళ్ళ నాటి అలవాటు. బదులుగా అందరికీ ఒకే అధ్యాయం ఇచ్చి, జనవరి అంతా ఇంటింటా దాన్నే చదివాం. మలాకీ వచనం అన్న పెద్దావిడ, అక్క ఇప్పుడు ఒకే చాప మీద కూర్చుంటారు గానీ మాట్లాడుకోరు. ఆ పని నాకు ఇంకా మిగిలే ఉంది.

అప్పు తీరలేదు. మిర్చికి పెట్టుబడి లేక మరుసటి ఏడు ఎకరం పత్తి మాత్రం వేశారు. అన్న డాక్టరుగారు చెప్పినంతకాలం మందులు వాడాడు, నిద్ర పడుతోంది.

కూలి లెక్కలో 20 మందికి తలా 1,800 చేరాయి. ఇద్దరు అక్కచెల్లెళ్ళు బెంగళూరులో భవనాల పనికి వెళ్ళిపోయారు, ఫోను కలవడం లేదని మేస్త్రి చెప్పాడు. వాళ్ళ 3,600 తర్వాత సమకూర్చి అక్క ఒక కవరులో పెట్టింది. దొరకని వాళ్ళ డబ్బు కానుకల పెట్టెలో వేయనా అని అన్న అడిగాడు. తీసుకోవడానికి బంధువు కూడా లేనప్పుడే అలాంటి సొమ్ము యాజకుడిది అవుతుందని సంఖ్యాకాండం 5:8 చెబుతుంది. వీళ్ళిద్దరూ బతికే ఉన్నారు. వద్దన్నాను. కవరు బియ్యం డబ్బాలో ఉంది. కోతలకు ముఠా మళ్ళీ దిగినప్పుడు మేస్త్రితో పాటు గుడారాల దగ్గరికి వెళ్ళి, ఆ ఇద్దరి ఊరివాళ్ళు ఎవరైనా వచ్చారేమో అడగాలని అనుకున్నాం.